గొంతు మీద సముద్రం

మొన్న బుధవారం మా అత్తమ్మ పోయింది. పొద్దున పదిన్నరకు పోతే నాకు తెలిసేసరికి పన్నెండు దాటింది. నేను పనిచేసే చోట డబ్బింగ్ నడుస్తున్నంతసేపు ఫోన్లు బయట పెట్టి లోపలికి పోవాలి. అన్నానికి లేచి చూసుకుంటే అత్తమ్మ చెల్లెలు ఆరుసార్లు, మా అమ్మ నాలుగుసార్లు ఫోన్ చేసి ఉన్నారు. విషయం అప్పుడే అర్థమైంది. అయినా చెల్లెలికి ఫోన్ చేశాను.

"అయిపోయింది బిడ్డా," అన్నదామె. "జొన్నరొట్టె తింటనన్నది. చేస్కొని ఒచ్చి సూస్తే లేదు. పెనం ఇంక పొయ్యి మీదనే ఉన్నది."

ఆమె గురించి రాయమని నన్నెవరూ అడగలేదు. పేపర్లో ఫోటో పడే మనిషి కాదు. చీరల కొంగులకు కుచ్చులు కట్టి బతికింది. దిల్‌సుఖ్‌నగర్లో ఆమె కుచ్చులు కట్టిన చీరలు కట్టుకున్న ఆడవాళ్ళు వేలల్లో ఉంటారు, ఒక్కరికీ ఆమె తెలియదు. నాకు తెలుసు. ఆమె నా చేతికిచ్చి దాచమన్నది ఒక్కటే ఒక్కటి. దాన్ని నేను పోగొట్టాను. అందుకే రాస్తున్నాను.

అత్తమ్మ మా నాన్నకు తోబుట్టువు కాదు. దిల్‌సుఖ్‌నగర్ వెనక కాలనీలో ఒకే వాకిట్లో మూడు పోర్షన్లుండేవి. ఒకదాంట్లో మేము, పక్కదాంట్లో వాళ్ళు కిరాయికి ఉండేవాళ్ళం. మాది ఆదివారం చర్చికి పోయే ఇల్లు. వాళ్ళు పోచంపల్లి దగ్గరి ఊరి నుంచి మగ్గం అమ్ముకుని వచ్చినవాళ్ళు. వచ్చిన మొదటిరోజు బిందె కోసం మా గడపలో నిలబడితే మా నాన్న "లోపలికి రా చెల్లె" అన్నాడు. ఆ ఒక్క మాటతో ఆమె నాకు అత్తమ్మ అయింది, ఆమె భర్త మామ అయ్యాడు. వాళ్ళకు పిల్లలు లేరు. మా అమ్మ దవాఖానలో ఆయాగా డ్యూటీకి పోతే నా జడలు అత్తమ్మే వేసేది.

గోడకు ఒక చెక్క ఆనించి, దాని మీద చీర కొంగు పరిచి, పొద్దంతా కూర్చునేది. ఒక దారం కొస ఎప్పుడూ పళ్ళ మధ్య ఉండేది. అందుకని ఆమె మాటలు పళ్ళు బిగించి వచ్చేవి, కోపంగా ఉందనుకునేవాళ్ళు కొత్తవాళ్ళు. చాయ్ సాసర్లోనే తాగేది, చప్పుడు కాకుండా. చప్పుళ్ళంటే ఆమెకు పడదు. కుక్కర్ విజిల్ వేస్తే చెవులు మూసుకునేది. ఒకసారి క్రిస్మస్‌కు మాతోపాటు చర్చికి వచ్చి, ప్రార్థనలో అందరూ మౌనంగా ఉన్నప్పుడు నా చెవిలో "గిట్ల సప్పుడు లేకుంట ఉండుడు మస్తుగున్నది పిల్లా" అని, ఆ మౌనాన్ని తనే చెడగొట్టినందుకు నాలుక కరుచుకుంది.

నాకు కుచ్చులు నేర్పించబోయింది. నేను ముడి పడగానే లాగేదాన్ని. "లాగకు. ముడికి తొందర ఉండది, నీకే ఉన్నది," అనేది. ఆ మాట నాకు ఎన్నిసార్లు చెప్పిందో లెక్కలేదు.

చప్పుళ్ళు పడని అత్తమ్మకు దొరికిన మొగుడు రోజంతా అరిచే పని చేసేవాడు. మామ ఎల్బీ నగర్ చౌరస్తాలో ప్రయాణికులను పిలిచేవాడు. ఏ బస్సు ఎటు పోతుందో చెప్పి జనాన్ని ఎక్కించడం ఆయన పని. "హయత్‌నగర్, అబ్దుల్లాపూర్‌మెట్, బాటసింగారం, చౌటుప్పల్, చిట్యాల, నార్కట్‌పల్లీ, సూర్యాపేట సూర్యాపేట సూర్యాపేటా..." అని ఒక్క ఊపిరిలో అనేవాడు. సంచులు మోసుకుని ఎటుపోవాలో తెలియక నిలబడ్డ ముసలివాళ్ళు ఆ గొంతు విని తలెత్తేవాళ్ళు. ఇంటికి వచ్చాక మాత్రం గుసగుసగా మాట్లాడేవాడు. ఆమె కోసం.

డిగ్రీ అయ్యాక నేను దిల్‌సుఖ్‌నగర్లోనే ఒక చిన్న సినిమా శిక్షణ సంస్థలో సౌండ్ కోర్సులో చేరాను. తెలంగాణ ఉద్యమం నడుస్తున్న రోజులు. ఒకరోజు బంద్, ఒకరోజు క్లాసు. మొదట్లోనే మా సారు ఒక పని ఇచ్చారు. మీ ఇంటి దగ్గర మీకు బాగా తెలిసిన ఒక చప్పుడు రికార్డు చేసుకుని రండి అని. నేను రికార్డర్ పట్టుకుని ఎల్బీ నగర్ పోయాను. మామ మైకు చూసి సిగ్గుపడ్డాడు.

"నాకెందుకు బిడ్డా మైకు? మైకు లేకనే గద నాకీ పని దొరికింది."

చివరికి పిలిచాడు. వెనక బస్సుల ఇంజిన్లు, హారన్లు, కండక్టర్ల ఈలలు, వాటన్నిటి మీదుగా ఆయన గొంతు. నాలుగు నిమిషాలు. ఆఖర్న దగ్గి, నా వైపు తిరిగి మామూలు గొంతుతో "సాలా బిడ్డా? ఇంటికి పోతున్నవ్ గద, మీ అత్తమ్మకు చెప్పు, పెసరపప్పు వండమను" అన్నాడు. ఆపు బటన్ నొక్కడం ఆలస్యమై అది కూడా పడింది.

ఆ ఏడాదే సకల జనుల సమ్మె వచ్చింది. బస్సులు ఆగిపోయాయి. పిలవడానికి బస్సు లేకపోయినా మామ రోజూ పొద్దున్నే స్నానం చేసి చౌరస్తాకు పోయేవాడు. రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి వంటలు చేసేవాళ్ళు, ఆడవాళ్ళు హైవే మీద బతుకమ్మ ఆడేవాళ్ళు. ఒకనాడు మైకు పాడైతే నినాదం మామ అందుకున్నాడట. చౌరస్తా నాలుగు దిక్కులా వినబడిందని ఇంటికొచ్చి గుసగుసగా చెప్పాడు. "బస్సులు మళ్ళ ఒచ్చేటాలకు మన తెలంగాణ ఒస్తది" అన్నాడు. తర్వాత ఐదారు రోజులకు, సమ్మె ఇంకా నడుస్తుండగానే, పొద్దున చాయ్ గ్లాసు పట్టుకుని కూర్చున్నవాడు ఛాతి మీద చెయ్యి వేసుకుని పక్కకు ఒరిగాడు. మా నాన్న పక్కింటి వాళ్ళ బండి మీద పట్టుకుని తీసుకుపోయాడు. దవాఖాన చేరేసరికే అయిపోయింది.

పన్నెండో రోజు చుట్టాలు పోయాక మధ్యాహ్నం అత్తమ్మ మా ఇంట్లోకి వచ్చింది. "మీ మామ గొంతు నీ డబ్బల ఉన్నదంట గద," అన్నది.

నేను హెడ్‌ఫోన్స్ ఆమె చెవులకు పెట్టాను. ఆమె తల చిన్నది, అవి జారుతుంటే రెండు చేతులతో పట్టుకుంది. ఊర్ల పేర్లు మొదలయ్యాయని ఆమె ముఖం చూస్తే తెలిసింది. ఏడవలేదు. కళ్ళు పెద్దవి చేసి, ఎదురుగా గోడను చూస్తూ విన్నది. చివరికి వచ్చేసరికి హెడ్‌ఫోన్స్ తీసి కింద పెట్టి, లేచి తన వంటింట్లోకి పోయింది. నేను వెనకే పోయాను. డబ్బాలోంచి పెసరపప్పు చాటలో పోసి రాళ్ళేరుతోంది. కొంచెంసేపటికి చేతులు ఆగిపోయాయి. చాట అట్లాగే ఒళ్ళో పెట్టుకుని కూర్చుండిపోయింది.

"నీకు ఇంకోటి చేసిస్తా అత్తమ్మా. నీ ఫోన్‌లో పెడతా," అన్నాను.

"ఒద్దు. నా కాడ ఉంటే పొద్దంత అదే ఇంట. పని చేస్కోను, పిచ్చిదాన్నయిత. నీ కాడనే ఉండనియ్యి. నేను అడిగినా ఇయ్యకు. నేను పోయే ముందుగాల ఒక్కసారి ఇనిపియ్యి, సాలు."

సరే అన్నాను. నాకప్పుడు ఇరవై రెండేళ్ళు.

ఆ చలికాలం మా చివరి ప్రాజెక్టు వచ్చింది, పది నిమిషాల సినిమా. తీసేది మా క్లాసు వాసు. వాళ్ళ నాన్న బాపట్ల వైపు నుంచి వచ్చి వనస్థలిపురంలో ఇల్లు కట్టుకున్నారు. వాసు కథలో ఒక ఆడమనిషి సముద్రం ఒడ్డున కూర్చుని, వేటకు పోయిన భర్త పడవ కోసం చూస్తుంటుంది. మాటలు లేవు. చప్పుళ్ళతోనే నడవాలి. అందుకే సౌండ్ నాకిచ్చాడు.

పోయే ముందు అత్తమ్మకు కథ చెప్పాను.

"మరి ఒస్తడా?" అన్నది, దారం పళ్ళలో పెట్టుకుని.

"రాడు అత్తమ్మా."

"రాకుంటే తీసుడెందుకు?"

ఆమె సముద్రం ఎప్పుడూ చూడలేదు. ఎట్ల ఉంటదో వచ్చి చెప్పమన్నది.

సూర్యలంకకు నలుగురం పోయాం. నేను, వాసు, నటించే అమ్మాయి, సామాను మోయడానికి వాసు చిన్నాన్న కొడుకు. సముద్రం దగ్గర సౌండ్ తీయడం ఎంత కష్టమో అక్కడికి పోతే గానీ తెలియలేదు. చెవికి అలలు వినిపిస్తాయి, మైకుకు గాలి వినిపిస్తుంది. మొదటిరోజు తీసిందంతా గాలి హోరే. మైకు చుట్టూ టవల్ చుట్టి, ఇసుకలో గుంట తవ్వి, అందులో బోర్లా పడుకుని, గాలికి నా ఒళ్ళు అడ్డం పెట్టి తీస్తే కొంచెం పనికొచ్చింది. తడి ఇసుక మీద అల వెనక్కి పోతున్నప్పుడు నురగ బుడగలు పగిలే సన్నటి చప్పుడు ఒకటుంటుంది. హెడ్‌ఫోన్స్‌లో మొదటిసారి అది విన్నప్పుడు నాకు ఒళ్ళు జలదరించింది. ఇదే సినిమా అనుకున్నాను. దాని కోసం గంటలు గంటలు రికార్డు చేశాను.

రెండో రోజు పొద్దున చాయ్ తాగుతుంటే వాసు నవ్వుతూ అన్నాడు, "బాగా తీసుకో. రేపు మీరు విడిపోతే ఈ సముద్రం మీకుండదు."

"నీకు హైదరాబాద్ ఉండదు," అన్నాను.

"నేను పుట్టిందే అక్కడ. నన్నెవరు పొమ్మంటారు?"

"మరి నన్ను సముద్రం కాడికి రావద్దనేందుకు నువ్వెవరు?"

అతను సరదాకే మొదలుపెట్టాడు. నాకు నవ్వు రాలేదు. చాయ్ పారబోసి లేచిపోయాను. చౌరస్తాలో గొంతు చించుకుని, తెలంగాణ చూడకముందే పోయిన మామ గుర్తొచ్చాడు. వాసు "ఏంటిది, అంత కోపమెందుకు?" అని వెనక నుంచి పిలిచినా తిరిగి చూడలేదు. ఆ తర్వాత మేం పని వరకే మాట్లాడుకున్నాం. అదీ సైగలతో.

తొమ్మిది ప్రాంతంలో పడవలు తిరిగి రావడం కనిపించింది. అదే మా ముఖ్యమైన షాట్. పడవలు రోజుకొకసారే వస్తాయి, ఆ మధ్యాహ్నమే మాకు తిరుగు ప్రయాణం. వాసు కెమెరా పెట్టుకుని సిద్ధంగా ఉన్నాడు. నేను రికార్డర్ చూసుకుంటే లోపలి మెమరీ కార్డు నిండిపోయి ఉంది. ముందురోజు అలల కోసం మొత్తం వాడేశాను.

వాసు బ్యాగులో ఇంకో కార్డు ఉందేమో అడగొచ్చు. ఇరవై అడుగుల దూరంలో ఉన్నాడు. అడగలేదు. పొద్దటి కోపం. అతని ముందు చెయ్యి చాపడానికి మనసొప్పలేదు.

తీసేయడానికి ఏముందని చూశాను. ముందురోజు అలలు, గాలి పడ్డవీ, పడనివీ. ఏది మంచిదో విని ఎంచుకునే టైము లేదు. వాటికి ముందు పాత క్లాసు ఫోల్డరు. అందులో మామ. దాన్ని సంస్థలో కంప్యూటర్లో ఎక్కించానని గుర్తు. ఎక్కించాననే అనుకున్నాను. నిజం చెప్పాలంటే, ఆ క్షణాన ఎక్కించి ఉంటే బాగుండుననిపించింది, ఆ అనిపించడాన్నే గుర్తుకింద తీసుకున్నాను. తీసేయాలా అని రికార్డర్ అడిగింది. అవును నొక్కాను. రెండు సెకన్లు పట్టింది. పడవలు ఒడ్డుకు తగిలే చప్పుడు, జాలర్ల కేకలు, తాళ్ళు లాగుతున్నప్పుడు చెక్క కిర్రుమనడం, అన్నీ చక్కగా పడ్డాయి.

బస్సులో వాసు రాజీకొచ్చాడు. పల్లీల పొట్లం చాపి, "కార్డు సరిపోయిందా? నా దగ్గర ఇంకోటి ఖాళీది ఉండిపోయింది" అన్నాడు.

తెల్లారి సంస్థకు పరుగెత్తాను. సమ్మె రోజుల్లో ఆ కంప్యూటర్ చెడిపోతే లోపలున్నదంతా తుడిచి మళ్ళీ బాగుచేశారట. కొత్త ఫోల్డర్లు తప్ప ఏమీ లేవు. కార్డు పట్టుకుని దిల్‌సుఖ్‌నగర్లో పోయినవి వెలికితీసే షాపులు మూడు తిరిగాను. మూడో షాపతను ఓపిగ్గా సాయంత్రం దాకా ప్రయత్నించి చెప్పాడు, "దాని మీదనే కొత్తది రాసిండ్రు మేడమ్. కింద ఏం మిగల్లే."

అప్పుడే పోయి అత్తమ్మ కాళ్ళ మీద పడి చెప్పాల్సింది. వాకిట్లోకి అడుగుపెట్టేసరికి ఆమె చెక్క ముందు కూర్చుని ఉంది. "సముద్రం సూసినవా? ఎట్లున్నది?" అని అడిగింది. "బాగున్నది అత్తమ్మా" అన్నాను. ఇంట్లోకి పోయి తలుపు వేసుకున్నాను.

సినిమా అందరికీ నచ్చింది. ఎక్కడో ఒక పోటీలో చూపిస్తే ఒక పెద్దాయన నన్ను పిలిచి, కళ్ళు మూసుకుంటే ఒడ్డునే ఉన్నట్టుందమ్మా అన్నారు. నాకు మొదటి ఉద్యోగం ఆ సినిమా వల్లే వచ్చింది. తెలంగాణ వచ్చింది. మేం ఎల్బీ నగర్‌కు మారాం, అత్తమ్మ ఆ పోర్షన్లోనే ఉండిపోయింది. ప్రతి ఏడాదీ మామ పోయిన రోజున పెసరపప్పు వండి, నన్ను పిలిచి అన్నం పెట్టేది. పెట్టి, నేను తినడం మొదలుపెట్టాక అడిగేది.

"ఉన్నది గద బిడ్డా?"

"ఉన్నది అత్తమ్మా."

"పైలంగ పెట్టు."

అంతే. మళ్ళీ ఏడాది దాకా ఆ మాట ఎత్తేది కాదు. నేను ఆ పప్పన్నం పదికి పైగా ఏళ్ళు తిన్నాను.

పోయిన ఏడాది ఆమెకు కడుపులో గడ్డ అన్నారు. ఆపరేషన్‌కు కోసి చూసి మళ్ళీ కుట్టేశారు, లోపలంతా పాకిందని. చెల్లెలు వచ్చి దగ్గరుండి చూసుకుంది. నెలరోజుల కింద నేను పోతే, కిటికీ పక్క మంచం మీద నుంచి నన్ను దగ్గరికి రమ్మన్నది. ఒళ్ళంతా ఎండి ముఖంలో పళ్ళే మిగిలాయి.

"ఇగ తీస్కరా బిడ్డా. టైమైంది."

ఆ రోజు చెప్పినా సరిపోయేది. "తెస్తా" అన్నాను.

తర్వాత నేను చేసింది చెప్పుకోవడానికి నోరు రావడం లేదు, అయినా చెప్పాలి. మామ పిలిచిన చౌరస్తాకు పోయాను. ఇప్పుడక్కడ పైన మెట్రో, ఫ్లైఓవర్లు. చౌరస్తా పాత చౌరస్తా కాదు. అయినా విజయవాడ రోడ్డు మొదట్లో ఒకాయన కార్లకు, బస్సులకు మనుషులను పిలుస్తున్నాడు. యాభై దాటినవాడు. మంచి గొంతు. షార్ట్ ఫిల్మ్ కోసమని చెప్పి, మామ వరసలో ఊర్ల పేర్లు పిలిపించాను. చివర్న ఆ పెసరపప్పు మాట కూడా అనిపించాను. ఇంటికొచ్చి ఆ గొంతును కొంచెం మందం చేశాను. మెట్రో చప్పుడు తీసేశాను. మా స్టూడియోలో ఉన్న పాత బస్సుల చప్పుళ్ళు వెనక పరిచాను. దగ్గు ఎక్కడ పెట్టాలో కూడా నాకు గుర్తుంది, పెట్టాను. నా పనిలో ఇంత శ్రద్ధగా ఇంకేదీ చేయలేదు. ఇది పాపమని ఒక్కసారి అనిపించింది. ఆమె నవ్వుతూ పోతుంది కదా అని నాకు నేనే చెప్పుకున్నాను.

ఒక మధ్యాహ్నం చెల్లెలు బయటికి పోయినప్పుడు వినిపించాను. హెడ్‌ఫోన్స్ జారకుండా నేనే పట్టుకున్నాను. ఊర్లు మొదలవగానే ఆమె కళ్ళు మూసుకుంది. రెప్పల కింద నుంచి నీళ్ళు కారి చెవుల దాకా పోయాయి. నా గుండె తేలికపడింది. చౌటుప్పల్, చిట్యాల, నార్కట్‌పల్లీ, అన్నీ అయ్యాయి. దగ్గు వచ్చింది. మీ అత్తమ్మకు చెప్పు అనే మాట వచ్చింది.

ఆమె కళ్ళు తెరిచింది. హెడ్‌ఫోన్స్ తనే తీసి నా చేతిలో పెట్టింది.

"గిది ఆయన కాదు."

నేను తల వంచి హెడ్‌ఫోన్స్ తీగ చుట్టసాగాను.

"నీ కాడ లేదా?"

"లేదు అత్తమ్మా."

"ఎప్పట్నుంచి?"

"సముద్రం కాడికి పోయినప్పట్నుంచి. జాగ లేకపోతే... నేనే తీసేసిన."

ఆమె పైకి చూస్తూ పడుకుంది. ఫ్యాన్ తిరుగుతోంది. తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండు అనుకున్నాను.

"పోయిందని అప్పుడే చెప్తే అప్పుడే ఏడ్సుకుంటుంటి గద," అన్నది చివరికి. "నీ కాడ ఉన్నది గదా అని నేను యాది పెట్టుకోలే. ఆయన గొంతు ఎట్లుంటుండెనో రోజు ఒకసారి అనుకుంటే నాకు మిగులుతుండె. పైలంగ ఉన్నదని ఇడిసిపెట్టిన. ఇప్పుడు సూడు, గిది కాదని తెలుస్తున్నది. ఏది ఆయనదో యాదికొస్తలేదు."

నేను ఆమె కాళ్ళు పట్టుకున్నాను. ఆమె వెనక్కి తీసుకోలేదు. కొంచెంసేపయ్యాక అడిగింది.

"ఆయన జాగల ఏం పెట్టుకున్నవ్?"

"సముద్రం."

"అదన్న ఇనిపియ్యి."

నా ఫోన్లో ఆ సినిమా ఉంది. బొమ్మ చూడనన్నది. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని, ఆ అలలు, పడవలు, నురగ, అంతా చివరిదాకా విన్నది. ముఖంలో ఏ కదలికా లేదు.

"ఇందుకేనా?"

"ఇందుకే అత్తమ్మా."

"ఒచ్చుడు, పోవుడు. ఒచ్చుడు, పోవుడు," అన్నది. గోడవైపు తిరిగి పడుకుంది.

తర్వాత తొమ్మిది రోజులు బతికింది. నేను రోజూ పోయాను. తిన్నవా అని అడిగేది, మా అమ్మ మోకాళ్ళ గురించి అడిగేది. అన్నీ మాట్లాడింది. కానీ నన్ను బిడ్డా అనలేదు. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి ఆమె నోట వినని నా పేరు ఆ తొమ్మిది రోజులూ విన్నాను.

ఏడో రోజు నేను చప్పుడు కాకుండా గడపలో నిలబడి ఉన్నాను. నన్ను చూడలేదు. గోడవైపు తిరిగి ఏదో గొణుక్కుంటోంది. ప్రార్థన అనుకున్నాను. "హయత్‌నగర్... అబ్దుల్లాపూర్‌మెట్..." అంటోంది. ఆగి, గొంతు కిందికి దించి మళ్ళీ అన్నది. కాదన్నట్టు తల ఊపింది. ఇంకోరకంగా, కొంచెం సాగదీసి అన్నది. అదీ కాదు. కుచ్చు ముడి సరిగ్గా రానప్పుడు విప్పి మళ్ళీ కట్టినట్టు, అంతే ఓపికగా, లాగకుండా. చిట్యాల దాకా పోయి ఆగిపోయింది. ఇక అనలేదు. నేను వచ్చిన దారినే వెనక్కి పోయాను.

బుధవారం సాయంత్రం తీసుకుపోయారు. శ్మశానం ఇంకా కొంత దూరం ఉందనగా పాడెను కింద దింపారు. దింపుడు కల్లం. పోయిన మనిషి చెవిలో మూడుసార్లు పిలుస్తారు, ప్రాణం ఏమన్నా మిగిలుంటే పలుకుతుందని. చెల్లెలి కొడుకు మోకాళ్ళ మీద కూర్చుని "పెద్దమ్మా, పెద్దమ్మా, పెద్దమ్మా" అన్నాడు. చెల్లెలు ఒకసారి "అక్కా" అని, ఆ పైన పిలవలేక కూలబడింది. పెద్దమనిషి ఒకాయన చుట్టూ చూసి, ఇంకెవరన్నా పిలిచేవాళ్ళున్నారా అని అడిగాడు.

"గా పిల్లను రమ్మను," అన్నది చెల్లెలు కింద కూర్చునే. ఆమెకేమీ తెలియదు. అత్తమ్మ ఎవరికీ చెప్పలేదు. "మా అక్క బిడ్డ తీర్గ సాకింది దాన్ని. దాన్ని పిలవమను."

జనం దారి ఇచ్చారు. నేను పోయి మోకాళ్ళ మీద కూర్చున్నాను. కమ్మలు తీసేసిన చెవి తమ్మెకు రంధ్రం సాగి ఉంది. చెవిలో దూది పెట్టారు. నేను వంగి, నోరు దగ్గరగా పెట్టాను. అత్తమ్మా అనబోయాను. గొంతు రాలేదు. మళ్ళీ ప్రయత్నించాను. వెనక ఎవరో "గట్టిగ పిలువమ్మా" అంటున్నారు. నోరు తెరుచుకునే ఉంది, అందులోంచి ఊపిరి తప్ప ఏమీ పోవడం లేదు. ఆ ఊపిరికి దూది కొస సన్నగా కదిలి, మళ్ళీ ఆమె చెవికి అంటుకుంది.